మెతుకులతో అంటించిన పేజీ

ఆదివారం వచ్చిందంటే నాకు కాలు నిలవదు. ఆరు రోజులు మానవపాడు బడిలో లెక్కలు చెప్తాను, ఏడో రోజు గద్వాలలో నా ఇంట్లో నేను కూర్చోలేను. చాయ్ తాగుతూనే చెప్పుల వైపు చూస్తుంటాను. వనపర్తిలో ఎవరో ఇల్లు ఖాళీ చేస్తున్నారని, నాగర్‌కర్నూల్లో పాత పేపర్ల దుకాణానికి ఆటో నిండా పుస్తకాలు వచ్చాయని ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. ఎవరూ చేయకపోతే నేనే చేస్తాను. పాత వారపత్రికలు, పిల్లల బొమ్మల కథలు, చవక కాగితం మీద అచ్చేసిన డిటెక్టివ్ నవలలు, ఇవీ నా పిచ్చి. నా భార్య దీన్ని రోగం అంటుంది. నేనైతే ఒప్పుకోను, రోగాలకు మందులుంటాయి.

దొరికితే ఆ సంతోషమే వేరు. ఒక డిటెక్టివ్ నవల మొదటి పేజీలో ఎవరో గుండ్రటి చేతిరాతతో "ఈ పుస్తకం ఎత్తుకపోయినోడు గాడిద" అని రాసుకున్నారు. నేను దాన్ని కొనే తెచ్చుకున్నాను, అయినా తెరిచిన ప్రతిసారీ జర సిగ్గేస్తుంది. ఇంకోటి అద్దె పుస్తకాల దుకాణానిది. మూడో పేజీ పైన ఎర్ర సిరాతో "హంతకుడు వంటవాడు" అని రాసి ఉంది. ఆ మహానుభావుడు ఎక్కడున్నాడో గాని, వాడి ఇంట్లో వాళ్ళు వాడితో ఎట్లా వేగారో అని ఇప్పటికీ అనుకుంటాను.

దొరకనప్పటి సంగతి చెప్పనక్కర్లేదు. వడ్డేపల్లిలో ఒక రైతు ఇంట్లో పత్తి బస్తాల వెనక ఇనుప పెట్టె ఉందని, దాని నిండా పుస్తకాలేనని తెలిసి పరుగెత్తాను. తెరిస్తే పైన ఒక రంగు అట్ట కొత్తదాని లాగా మెరుస్తోంది. ఎత్తి చూస్తే కింద అంతా చెదల మట్టి. ఆ మట్టిని కూడా వేళ్ళతో కెలికి చూశాను. ఇంటాయన నా వైపు చూసి, పాపం, మజ్జిగ తెప్పించాడు.

అయితే ఇవన్నీ పైపై వెతుకులాటలు. రెండేళ్ళుగా నేను అసలు వెతుకుతున్నది ఒకే ఒక్క సంచిక. అది నాకోసం కాదు, మా అక్క కోసం.

నాకు పదేళ్ళు, అక్కకు పదిహేను ఉన్నప్పుడు మా ఇంటికి వారం వారం ఒక పత్రిక వచ్చేది. బస్టాండు దగ్గరి దుకాణం నుంచి తెచ్చే పని నాది. నాయన చదివి, అమ్మ చదివి, చివరికి అక్క చదివాక, ఆమె సీరియల్ పేజీలను జాగ్రత్తగా విడదీసి దబ్బనంతో కుట్టుకునేది. అప్పుడు అందరి ఇళ్ళల్లో ఇదే పద్ధతి. సీరియల్ అయిపోయేసరికి చేతిలో ఒక నవల తయారయ్యేది. కాని ఆ సీరియల్ చివరి పేజీ వెనక వైపు, ప్రతి వారం, పిల్లల బొమ్మల కథ వేసేవాళ్ళు. కాగితం ఒకటే, కావలసినవాళ్ళం ఇద్దరం. అమ్మ తీర్పు ప్రకారం కాగితం అక్కది, నేను కుట్టకముందు చూసుకోవచ్చు, అంతే. నాకది ఘోరమైన అన్యాయం అనిపించేది.

ఆ సీరియల్‌లో ఒక నర్సు ఉంటుంది. మొదటి వారంలో ఆమెకు ఒక ఉత్తరం వస్తుంది. విప్పకుండా దాన్ని పెట్టెలో పెట్టుకుని ఊర్లు మారుతుంటుంది. ఉత్తరంలో ఏముందో అని అక్క, ఆమె స్నేహితురాళ్ళు బడికి పోయే దారంతా కొట్లాడుకునేవాళ్ళు. ఆఖరి వారం పత్రిక వచ్చిన రోజు అక్కకు పరీక్ష. ఆ వారమే నా బొమ్మల కథ కూడా అయిపోతోంది. నేను ఇంటికి రాగానే నాయన గడ్డం బ్లేడు తీసి ఆ పేజీ కోసేశాను. నోటు పుస్తకంలో, సీరియల్ వైపు లోపలికి పెట్టి, నాలుగు మూలలా నడిమిట్లో అన్నం మెతుకులు మెదిపి అంటించాను. అక్క వచ్చి అడిగితే "దుకాణంలోనే చినిగి ఉండె" అన్నాను. ఆమె నమ్మింది. బస్టాండుకు ఉరికింది. పత్రికలన్నీ అమ్ముడుపోయాయి. స్నేహితురాళ్ళు చెప్పబోతే చెవులు మూసుకుంది, తనంతట తానే చదువుకోవాలని. ఆ సీరియల్ తర్వాత పుస్తకంగా కూడా రాలేదు. ముందు రెండు పేజీలు మాత్రం కుట్టుకుంది. వాటి చివర నర్సు ఉత్తరం అంచు కింద వేలు పెట్టి ఆగిపోయి ఉంటుంది.

ఇప్పుడు అక్క వనపర్తిలో ఉంటుంది. షుగర్ ఆమె కుడి కన్ను తినేసింది, ఎడమ కన్ను కూడా పోతోంది. మహబూబ్‌నగర్ దవాఖానలో డాక్టరు "ఉన్నన్ని రోజులు చూసుకొండి" అన్న రోజున, బయట బెంచీ మీద కూర్చుని ఆమె నన్నడిగింది.

"గన్ని పాత బుక్కులు జమ జేస్తవు గద. ఆ నర్సు కత ఆఖరిది దొరకదా? కన్ను పోకముందు చదవాలని ఉన్నది."

"దొరుకుతదక్కా, నేను పట్కొస్త," అన్నాను.

ఇక్కడ దాచకుండా ఒకటి చెప్పాలి. ఆ నోటు పుస్తకం నా బీరువాలోనే ఉంది. మొదటి అరలో, కలరా ఉండల మధ్య, గుడ్డలో చుట్టి. నా సేకరణంతటికీ అదే మొదలు. నాకు తెలిసినంత వరకు ఆ బొమ్మల కథ ఆఖరి పేజీ ఇంకెవరి దగ్గరా లేదు. హైదరాబాద్ నుంచి ఒకరు కేవలం చూడ్డానికి వచ్చి పోయారు. దాని వెనకే అక్క పేజీ ఉందని నాకు తెలియక కాదు. తెలుసు. కాని ఊడదీస్తే బొమ్మ చినుగుతుంది. అందుకని ఇంకో సంచిక కోసం ఊళ్ళు పట్టుకుని తిరిగాను. తిరుగుతున్నాను కదా అని నన్ను నేను మంచి తమ్ముడి కింద జమ కట్టుకున్నాను.

మొన్న శనివారం బడికి సెలవు పెట్టి నాగర్‌కర్నూల్ పోయాను. కుట్టు మిషన్లు బాగుచేసే ఒక ముసలాయన, వాళ్ళ తమ్ముడు ఒకప్పుడు అద్దె పుస్తకాల దుకాణం నడిపాడని, ఆ మూటలు ఇంకా సజ్జ మీదే ఉన్నాయని కబురు పంపాడు. నిచ్చెన వేసుకుని ఎక్కాను. దుమ్ముకు తుమ్ములు ఆగడం లేదు. మూడో మూటలో అది కనబడింది. అదే అట్ట, అదే వారం. అట్ట చూసీ చూడగానే, నిచ్చెన మీద నిలబడే, అక్కకు ఫోన్ కొట్టాను.

"అక్కా, దొరికింది!"

"నిజంగనా? రేపు పొద్దుగాల్ల తేరా. ఎండ పడితే ఎడమ కన్నుకు జర ఆనుతుంది," అంది.

ఫోన్ పెట్టి పేజీలు తిప్పాను. సీరియల్ రెండు పేజీలు ఉన్నాయి. మూడోది లేదు. మడత దగ్గర బ్లేడుతో నీటుగా కోసిన అంచు. నేను కోసినట్టే.

కింద నుంచి ముసలాయన నవ్వాడు. "ఆ బొమ్మల కత కోసం పిలగాండ్లు గట్లనే కోసుకపోతుండిరి సార్. మా తమ్ముడు పరేషాన్ అయ్యేటోడు. దుకాణంల ఎవని జేబుల బ్లేడు కనవడ్డా వీపు పగలగొట్టేటోడు."

ఆ మాట నన్నెవరో వీపు మీద కొట్టినట్టే తగిలింది. ఊరూరా నాలాంటి గాడిదలు ఉండేవాళ్ళన్నమాట. పుస్తకాలు పాడు చేసినవాళ్ళందరినీ ఇన్నేళ్ళుగా తిట్టిన తిట్లన్నీ వరసగా గుర్తొచ్చాయి.

బస్సు వనపర్తి మీదుగానే వస్తుంది. అక్క ఇల్లు బస్టాండుకు పది నిమిషాల నడక. నేను దిగలేదు. కిటికీకి అవతలి వైపు జరిగి కూర్చున్నాను, ఎవరైనా చూస్తారేమో అన్నట్టు. బీచుపల్లి దగ్గర వంతెన మీదికి రాగానే పక్కాయన కృష్ణకు దండం పెట్టాడు. నేను దండం కూడా పెట్టలేదు. దారంతా అబద్ధాలే అల్లుకున్నాను. తడిసిపోయిందందామా, చెదలు తిన్నాయందామా. పదేళ్ళప్పుడు ఒక్క అబద్ధంతో సరిపోయింది, ఇప్పుడు ఏదీ అతకడం లేదు.

ఆదివారం పొద్దున ఇడ్లీ పాత్రలో నీళ్ళు పోసి పొయ్యి మీద పెట్టాను. నా భార్య వచ్చి చూసి, నా చేతిలో నోటు పుస్తకం చూసి, నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"ఇన్నేండ్లు పిల్లల్ని గూడ ముట్టనియ్యకపోతిరి. ఇయ్యాల ఉడకవెడుతున్నరా?"

ఆవిరి మీద పేజీ పట్టుకుంటే ఎండిన మెతుకులు మెల్లగా మెత్తబడ్డాయి. చిత్రం, నలభై ఏళ్ళ తర్వాత కూడా ఒక్క క్షణం అన్నం వాసన వచ్చింది. చాకు మొనతో లేపుతూ పోయాను. మూలలు వచ్చాయి. నడిమిట్లో మెతుకు దగ్గర పట్టుకుంది. గుర్రం మీద ఉన్న రాజకుమారుడి మొహం, నేను పదేళ్ళప్పటి నుంచి చూసుకుంటున్న మొహం, రెండుగా చీలింది. ఎర్ర రంగు కారి ఆకాశం అంతా పాకింది. ఏడుపొచ్చింది. యాభై దాటినవాణ్ణి, ఇడ్లీ పాత్ర ముందు నిలబడి ఏడ్చాను. కాని వెనక వైపు అక్షరాలు బతికే ఉన్నాయి. మెతుకులున్న అయిదు చోట్ల మాత్రం తెల్లటి మచ్చలు.

హాజరు పట్టిక అట్టల మధ్య పెట్టుకుని వనపర్తి పోయాను. అక్క వాకిట్లో ఎండ పడే చోట కుర్చీ వేసుకుని, తలకు నూనె రాసుకుని, అద్దాలు తుడిచి పెట్టుకుని కూర్చుంది. ఒళ్ళో తన కుట్టిన పుస్తకం ఉంది. నేను పేజీ చేతికిచ్చాను. అటూ ఇటూ తడిమింది.

"బుక్కు ఏది? ఒక్క కాయితమేనా? తడిగున్నదేంది?"

చెప్పాను. బ్లేడు సంగతి, మెతుకుల సంగతి, దుకాణంలో చినిగిందన్న అబద్ధం సంగతి, అన్నీ. ఆమె మొహం మీద పెద్దగా ఏమీ మారలేదు. చిన్నప్పటి దొంగతనం కదా, నవ్వేస్తుందనే అనుకున్నాను.

"ఇన్నొద్దులు యాడుండె ఇది?" అంది.

"నా బీరువల."

"ఎప్పటి సంది?"

"మొదటి సందే, అక్కా."

అద్దాలు తీసింది. మళ్ళీ పెట్టుకుంది. "నా కండ్లు మంచిగున్నప్పుడు గూడనా?"

"ఆ."

ఆమె తిడితే బాగుండేది. పేజీని ఎడమ కంటికి ముక్కు తాకేంత దగ్గరగా పెట్టుకుంది. పెదవులు కదిలాయి. శీర్షికలో పెద్ద అక్షరాలు కూడబలుక్కుంది, కిందివి ఆనలేదు. ఎండ వైపు తిప్పి చూసింది. చాలాసేపు అట్లాగే పట్టుకుని, చివరికి నా వైపు చాపింది.

"చదువు."

చదివాను. నర్సు ఉత్తరం విప్పింది. అది వదిలేసిన మొగుడు రాసింది, తప్పయింది, తిరిగి రమ్మని. నర్సు పెట్టె సర్దుకుని రైలెక్కింది. మచ్చలు వచ్చిన చోట నేను ఆగితే అక్క "ఉన్నది చదువు" అనేది. అయిపోయాక ఆమె ఉఫ్ అని ఊపిరి వదిలింది.

"పోయిందా మళ్ల ఆని తానకి? పిస లేసిందా దానికి? నేనైతే ఉత్తరం కాలవెట్టి ఉంటదనుకున్న."

అంతలోనే ఆమె చెంప మీది నుంచి నీళ్ళు కారాయి. కథకా, కంటికా, నాకా, నేను అడగలేదు. తప్పు నాదని మాత్రం ఆ వాకిట్లో కూర్చుని పూర్తిగా తెలిసింది. ఆమెకు కావలసింది ఆ ముగింపు కాదు, తన కంటితో తాను చదువుకోవడం. దాన్ని నేను కలరా ఉండల మధ్య దాచిపెట్టుకున్నాను.

కొంగుతో తుడుచుకుని దబ్బనం తెమ్మంది. దారం నేనెక్కించాను. పుస్తకం వెనక పేజీ పెట్టి, పాత కుట్ల రంధ్రాలను వేలితో వెతుక్కుంటూ, చూడకుండానే కుట్టింది. ఒక్క కుట్టు కూడా వంకర పోలేదు. కుడుతూ అడిగింది.

"ఎనక దిక్కు నీ బొమ్మలెట్లున్నయి?"

"చినిగినయక్కా. రంగంత కారిపోయింది."

"మంచిగైంది," అంది అక్క, దారం పళ్ళతో తెంపుతూ. తర్వాత ఆ బొమ్మల వైపు చేత్తో తడిమి చూసి, ఊడిపోకుండా ఇంకో ముడి వేసింది.