పహాడీ షరీఫ్ జట్టు మా చర్చి వరండాలో ఆగిన ఆదివారం

మా కాలేజీ ఫుట్‌బాల్ జట్టు మొదటిసారి ఫైనల్‌కు చేరిన ఏడు, ఆ ఆట ఆదివారానికి మారిందన్న కబురు నేను పనిచేసే విజయవాడ బ్యాంకు ఫోన్‌లో అందింది. తొంభైల చివరి సంగతి. ఫోన్ చేసినవాడు యాదయ్య, ఒకప్పటి మా గోల్‌కీపర్, అప్పటికి షంషాబాద్‌లో ద్రాక్షతోట రైతు. "డేవిడన్నా, వానకు గ్రౌండంత మడుగైంది. ఇయ్యాల ఆట బందు పెట్టిన్రు, రేపు పొద్దుగాల్నట. శనివారం సెలవు దొరకదంటివి గద. రేపు ఆదివారమే, ఇగ రా" అన్నాడు. ఆ రాత్రే బస్సెక్కాను.

తెల్లారేసరికి ఇమ్లీబన్ బస్టాండులో దిగి, అఫ్జల్‌గంజ్ దాకా నడిచి సిటీ బస్సు పట్టుకున్నాను. షంషాబాద్ వెళ్తుందా అంటే కండక్టర్, "ఆరాంఘర్ దాంకనే అన్నా. ఆడ దిగి షాద్‌నగర్ బస్సెక్కు, జల్ది పోతవ్" అన్నాడు. రెండు టికెట్లూ కలిపినా ఒక ప్లేటు ఇడ్లీ ఖర్చును మించలేదు. ఆరాంఘర్ దాటితే రాతిగుట్టలు, వాటి మధ్య ద్రాక్ష పందిళ్ళు. విమానాశ్రయం ఇంకా రాలేదు. ముందురోజు వాన వల్ల గాలి చల్లగా ఉంది. కిటికీ పక్క సీటు దొరికింది కాబట్టి నిద్ర లేకపోయినా కళ్ళు మూయబుద్ధి కాలేదు.

మాది చాలా చిన్న క్రైస్తవ కాలేజీ. నేను చేరినప్పుడు అక్కడ ఫుట్‌బాల్ లేదు. మామిడిపల్లి నుంచి వచ్చే ప్రభుదాసు ఎక్కడిదో ఒక పాత బంతి తెచ్చి, కాలేజీ వెనక బీడును గ్రౌండు చేద్దామన్నాడు. ఒక వేసవంతా రాళ్ళు ఏరాం. సర్వి కట్టెలు పాతి గోల్ అన్నాం. మొదటి మ్యాచ్‌లో తొమ్మిది గోల్స్ తేడాతో ఓడిపోయి, సాయంత్రం హాస్టల్‌లో ఎవరమూ అన్నానికి లేవలేదు. వంట చేసే మరియమ్మక్క గుడ్ల కూర గిన్నె తెచ్చి మా గదిలోనే పెట్టింది. "గెలిచినోళ్ళకేనా ఆకలయ్యేది? తినుండ్రి" అంది. మేమంతా చదువైపోయి వెళ్ళినా ప్రభుదాసు వెళ్ళలేదు. అక్కడే వ్యాయామం మాస్టారై, ఏటా కొత్త పిల్లలతో జట్టు నిలబెడుతూ వచ్చాడు.

షంషాబాద్ బస్టాపులో యాదయ్య మొహం వేలాడేసుకుని నిలబడి ఉన్నాడు. ఇరానీ చాయ్ తాగుతూ విషయం చెప్పాడు. ఆట పదింటికి. కాలేజీ చర్చిలో ఆరాధన కూడా పదింటికే. ప్రిన్సిపాల్ రత్నంగారు కుదరదన్నారు. రెండు జట్లూ ఒప్పుకుంటే మధ్యాహ్నానికి మార్చుకోవచ్చని, లేకపోతే రాని జట్టు ఓడినట్టేనని నిర్వాహకులు తేల్చారు.

కాలేజీకి వెళ్ళేసరికి ప్రభుదాసు ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. రత్నంగారు నన్ను ఆప్యాయంగా పలకరించి, నా మొహంలోని ప్రశ్నకు తనే జవాబిచ్చారు. "ఈ కాలేజీ పెట్టిందే ఆరాధన కోసమండీ. కప్పు కోసం దాన్ని పక్కన పెట్టమని పిల్లలకు నేనెలా చెప్పను?" ఆయన గొంతులో కోపం లేదు, బాధే ఉంది.

"నేను రమ్మంటే పిల్లలు వస్తరు. కాని సారు మాట దాటి నేను ఆడనియ్య" అన్నాడు ప్రభుదాసు, నేను బయటికి వచ్చాక. మెట్ల మీంచి లేచి, "పహాడీకి పోయి అడుగుదమా?" అన్నాడు. ఫైనల్‌లో అవతలి జట్టు పహాడీ షరీఫ్ కుర్రాళ్ళది. యాదయ్య స్కూటర్ మీద ఇద్దరం మామిడిపల్లి మీదుగా బయల్దేరాం.

దర్గా గుట్ట కింద వాళ్ళ జట్టు అప్పటికే లారీ ఎక్కుతోంది. కెప్టెన్ సలీం టైర్ల దుకాణంలో పనిచేసే మనిషి. అంతా విని తల గోక్కున్నాడు. "లారీ దోపహర్ పన్నెండు దాంకనే కిరాయికి తీస్కున్నం మాస్టరు సాబ్. తర్వాత అది వేరే పనికి పోతది."

"తెలుసు తమ్మీ. నువ్వు కాదన్నా నేనేమనుకోను" అన్నాడు ప్రభుదాసు.

సలీం లారీ పైకెక్కి తనవాళ్ళతో ఉర్దూలో మాట్లాడాడు. ఇద్దరు ముగ్గురు గట్టిగానే వాదించారు. ఒకడు దిగి ఇంటికి పోబోతే సలీం భుజం మీద చెయ్యేసి ఆపాడు. చివరికి మా దగ్గరికొచ్చి, "ఆడకుండ కప్పు తెస్తే ఇంట్ల ఏమని చెప్పాలె? మీ దువా కానియ్యుండ్రి, ఆగుతం. వాపస్ నడిచొస్తం" అన్నాడు. ప్రభుదాసు అతని చెయ్యి పట్టుకున్నాడు.

లోపల పాటలు సాగుతున్నంతసేపూ పహాడీ జట్టు చర్చి వరండాలో బూట్లు విప్పి కూర్చుంది. మరియమ్మక్క వాళ్ళకు చాయ్, ఉప్మా పెట్టింది. ఆరాధన ముగించి బయటికొచ్చిన రత్నంగారు వాళ్ళందరికీ పేరుపేరునా నమస్కారం పెట్టారు. తర్వాత గొడుగు పట్టుకుని నేరుగా కాలేజీ వెనక గ్రౌండుకు నడిచారు. ఆయన ఆట చూడటానికి రావడం అదే మొదటిసారట.

బురదలో, ఎండలో ఆట సాగింది. మొదటి గోల్ మావాళ్ళే వేశారు. యాదయ్య నా భుజం విరిగిపోయేలా పట్టుకున్నాడు. తర్వాత వాళ్ళు సమం చేశారు. ముగింపు దగ్గరపడుతుండగా సలీం తలతో కొట్టిన బంతి లోపలికి పోయింది. ఓడిపోయాం. మావాళ్ళు బురదలోనే కూలబడ్డారు. రత్నంగారు వాళ్ళ మధ్యకు వెళ్ళి, ప్రభుదాసుతో, "మళ్ళీ ఎప్పుడైనా ఆదివారం ఆట పడితే ముందే చెప్పండి మాస్టారూ. ఆరాధన తెల్లవారుజామునే పెట్టుకుందాం" అన్నారు. పొద్దుటి నుంచీ గట్టిగా ఉన్న ప్రభుదాసు అప్పుడు కళ్ళు తుడుచుకున్నాడు.

గెలిచినవాళ్ళను నడిపించడానికి యాదయ్య ఒప్పుకోలేదు. ఇంటికెళ్ళి ట్రాక్టర్ తెచ్చాడు. వాళ్ళను దింపి వద్దామని మా జట్టూ ట్రాలీ ఎక్కింది. మామిడిపల్లి దాటేసరికి ఎవరు ఏ జట్టో బట్టల మీద బురదలో తెలియలేదు. కప్పు మాత్రం చేతులు మారుతూ ఉంది.

ఆ తర్వాత మా కాలేజీ కప్పు గెలిచిందా అని అడిగేవాళ్ళున్నారు. నాకు తెలిసినంతలో గెలవలేదు. అయినా మా ఫుట్‌బాల్ చరిత్ర చెప్పమంటే నాకు ముందుగా గుర్తొచ్చేది ఆ వరండాలో వరసగా విప్పి పెట్టిన బూట్లే. ఓడిపోయిన ఆటను ఇంత ఇష్టంగా తలుచుకుంటానని ఆనాడు అనుకోలేదు.

ఇప్పుడు అటు వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట. విమానాశ్రయానికి పోయే పెద్ద రోడ్డు మీదే దూసుకుపోతే ఈ ఊళ్ళేవీ కనబడవు. షంషాబాద్‌లో దిగి, మామిడిపల్లి మీదుగా పహాడీ షరీఫ్ వైపు ఆటో మాట్లాడుకోండి. ఎండ తగ్గాక బయల్దేరితే, దారిలో ఎక్కడో ఒకచోట పిల్లలు బంతాడుతూ కనిపిస్తారు. ఆటో ఆపించి కాసేపు చూడండి.