ఏమీ అక్కర్లేని చెక్క

మా ఇళ్ళల్లో "వద్దండీ" అంటే వద్దని కాదు, కాస్త బతిమాలమని. వచ్చినవాళ్ళు "ఇక చాలండీ" అన్నప్పుడు పళ్ళెంలో ఇంకో రెండు అరిసెలు పడి తీరాలి. పడకపోతే వాళ్ళు వీధి మలుపు తిరిగేలోపే మన మర్యాద గురించి మాట పుడుతుంది. గుడివాడలో పుట్టి బందరు కోడలినయ్యాను కాబట్టి రెండు ఊళ్ళకీ ఎన్ని తేడాలున్నాయో చెప్పమంటే పొద్దుపోయేదాకా చెప్పగలను. ఈ ఒక్క విషయంలో మాత్రం ఏ తేడా లేదు. మా పెరట్లో చెక్క పరిచినప్పుడు జరిగిన తంటా అంతా ఈ మర్యాద పుణ్యమే.

రెండువేల సంవత్సరం దాటాక కొన్నేళ్ళకు జరిగిన సంగతి. మా అత్తయ్య నర్సుగా పనిచేసి రిటైరయింది. ఇంట్లో ఆవిడకు ఇష్టమైన చోటు పెరడు. కరివేపాకు చెట్టు, మల్లెపొద, కుళాయి, అంతా ఆవిడ రాజ్యం. బందరు నేల సంగతి చెప్పేదేముంది, వానాకాలం బురద, ఎండాకాలం బీటలు. సిమెంటు చేయిస్తే నేల కదిలి పగిలింది. నాపరాళ్ళు పరిపిస్తే పాచి పట్టింది. ఒక ముసురు రోజు ఆ పాచి మీదే అత్తయ్య జారిపడి కాలు విరగ్గొట్టుకుంది.

ఎముక అతుక్కుంది. దాంతోపాటు భయమూ అతుక్కుంది. చేతికర్ర పట్టుకుని ఇల్లంతా తిరిగే మనిషి పెరటి గుమ్మం దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయేది. అక్కడే కుర్చీ వేసుకుని, "అమ్మాయ్, మల్లెపొదకి నీళ్ళు పోశావా?" అని అడిగేది. వార్డుల్లో జీవితమంతా పరుగులు పెట్టిన మనిషి తన పెరట్లోకి తాను దిగలేక కూర్చుంటే నాకు ఏడుపొచ్చేది. ఏడుపొచ్చినప్పుడల్లా మా ఆయన మీద విసుక్కునేదాన్ని, ఏదో ఒకటి చెయ్యమని.

ఆయన విజయవాడ వెళ్ళి కొత్తరకం పలకలు తెచ్చారు. పక్కనున్న గూడూరు నుంచి వచ్చిన వడ్రంగి, ఉప్పుగాలికి తుప్పు పట్టని స్టీలు మరలు బిగించి, వంటింటి గుమ్మం నుంచి కుళాయి దాకా వాటిని పరిచాడు. నీళ్ళు నిలవకుండా పలకకీ పలకకీ మధ్య సందు వదిలాడు. కాలు జారకుండా పలకల మీద పొడుగునా సన్నటి గీతలున్నాయి. అత్తయ్య గుమ్మంలోంచే కర్రతో టక్‌టక్‌మని కొట్టి చూసింది.

"చెక్కేనంట్రా ఇది?"

"సగం చెక్క, సగం ప్లాస్టిక్కమ్మా. రంపప్పొట్టు, ప్లాస్టిక్కు కలిపి చేస్తారు. చెద పట్టదు, నానిపోదు."

"మరి దీనికేం రాయాలి?"

"దీనికేమీ అక్కర్లేదు."

పలకలు అమ్మిన కొట్టాయన ఈయనకు చాలానే చెప్పి పంపాడని తర్వాత తెలిసింది. అంతా దారిలో దిగమింగి ఇంటికి ఆ రెండు మాటలే తెచ్చారు మహానుభావుడు.

మర్నాడు అత్తయ్య ఒక చేత్తో కర్ర, ఒక చేత్తో నా భుజం పట్టుకుని కుళాయి దాకా నడిచింది. మల్లెపొదను తడిమి, "బక్కచిక్కిపోయిందే!" అని నన్ను తిట్టింది. ఆ తిట్టు నాకెంత బాగుందో చెప్పలేను. ఆ రోజు నుంచి ఆవిడ ఉదయం కాఫీ అక్కడే.

వానలకు పలకల రంగు కాస్త వెలిసింది. కొత్తలో అంతేనట, తర్వాత నిలిచిపోతుందట. అదీ కొట్టాయన చెప్పిందే, అదీ ఈయన మింగిందే. అత్తయ్యకు మాత్రం ఆ చెక్కను చూస్తే జాలేసింది. ఏమీ అక్కర్లేదంటే ఊరుకుంటామా? మొహమాటపడుతోంది, అంతే.

ఏటా క్రిస్మస్ ముందు మా ఇంట్లో తలుపులకు, కిటికీలకు వేపనూనెలో కిరసనాయిలు కలిపి రాయడం ఆవిడ పద్ధతి. ఆ ఏడూ నేను పాఠాలు చెప్పి స్కూలు నుంచి వచ్చేసరికి ఇల్లు గుప్పుమంటోంది. తలుపుల వాసనే అనుకున్నాను.

సాయంత్రం పెరట్లో ప్రార్థన. అయ్యాక పాస్టరమ్మగారికి నేను అరిసెలు వడ్డించబోయాను. ఆవిడ "చాలమ్మా, చాలు" అంటూ వెనక్కి జరిగారు. నేను మర్యాదగా ముందుకు జరిగాను. ఆవిడ ఇంకో అడుగు వెనక్కి వేశారు, అంతే, సర్రున జారి చెక్క మీద కూలబడ్డారు. పళ్ళెం మాత్రం వదల్లేదు. అత్తయ్య నర్సు కళ్ళతో కాళ్ళూ చేతులూ తడిమి చూసి ఏమీ కాలేదని తేల్చింది. పాస్టరమ్మగారే ముందు నవ్వడంతో అందరం నవ్వేశాం.

అత్తయ్య ఒక్కతే నవ్వలేదు. "సగం చెక్కే కదా అని నూనె కూడా సగమే రాశానే" అంది చిన్నగొంతుతో. లోపలికి వెళ్ళిపోయింది. మర్నాడు కాఫీ తీసుకుని పెరట్లోకి రమ్మంటే, "నాకొద్దు" అంది. కుర్చీ మళ్ళీ గుమ్మంలోకి వచ్చింది.

అప్పుడు గానీ మా ఆయన కొట్టాయన మాటలు కక్కలేదు. దీనికి నూనె, వార్నిషు ఏవీ రాయకూడదట. పైన జిడ్డు నిలిచి, దుమ్ము పట్టి, జారుతుందట. శనగపిండి చల్లి నూనె పీల్పించాం. తుడిచేసి, సబ్బుపొడి కలిపిన గోరువెచ్చని నీళ్ళు పోశాం. ఆయన గేటు తుప్పు గీకే ఇనప బ్రష్షు పట్టుకొస్తే, గీతలు పడతాయని లాక్కుని బట్టల బ్రష్షు చేతికిచ్చాను. సందుల్లో ఇరుక్కున్న ఆకుల చెత్తను నేను కొబ్బరి ఈనెతో లాగుతున్నాను. చెత్త తడిసి ఉంటే దీనిమీదా పాచి పడుతుంది మరి. ఆయన బ్రష్షుతో అడ్డంగా రుద్దడం మొదలుపెట్టారు.

"అడ్డంగా కాదురా, గీతల వెంబడి!" గుమ్మంలోంచి కేక.

ఆయన నిలువుగా రుద్దారు. "గట్టిగా! మురికి గీతల్లోనే ఉంది!" గట్టిగా రుద్దారు. ఊహూఁ, ఆవిడకు నచ్చలేదు. "ఇలా తే" అని బ్రష్షు లాక్కుంది. వంగలేదు కదా, చేతికర్రను తలకిందులు చేసి, చివర బ్రష్షు పెట్టి, బ్యాండేజీ గుడ్డతో నర్సు కట్టు కట్టింది. గుమ్మం దిగి, కర్రను రెండు చేతులా పట్టుకుని గీతల వెంబడి తోముకుంటూ వెళ్ళింది.

సగం దూరం వెళ్ళాక మా ఆయన నోరు తెరవబోయారు. ఆయన కాలు తొక్కాను. అత్తయ్య తడి చెక్క మీద, ఏ ఊతమూ లేకుండా, నురగలో నడుస్తోంది. కుళాయి దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి, "నీళ్ళు కొట్టండర్రా, చూస్తారేంటి?" అంది.

ఆ కర్ర మళ్ళీ చేతికర్ర కాలేదు. బ్రష్షు కట్టుతోనే పెరటి గోడకు వేలాడుతూ ఉండిపోయింది. నూనె వెళ్ళిపోయింది, చెక్క జారడం మానేసింది. కొన్నాళ్ళకు మా ఆయన బజారు నుంచి కొత్త చేతికర్ర కొనుక్కొచ్చి అత్తయ్యకు ఇచ్చారు.

"నాకేమీ అక్కర్లేదురా" అంది.

అలవాటు కొద్దీ నేను ఇంకోసారి బతిమాలబోయాను. అప్పటికే ఆవిడ కుళాయి దగ్గర ఉంది.