మాస్టారికి భయమేసిన రోజు

మాస్టారు పోయారని ఆయన మేనల్లుడు ఫోన్ చేసేసరికి నేను బియ్యం ఏరుతున్నాను. సరే బాబూ అన్నాను. ఫోన్ పెట్టేసి మిగిలిన బియ్యం కూడా ఏరాను. ఆదివారం చర్చిలో ఆయన కుటుంబం కోసం ప్రార్థన చేయమని అడిగాను. అందరితో పాటు ఆమెన్ అన్నాను. ఇప్పటి వరకు నాకు కన్నీళ్లు రాలేదు. ఎందుకు రాలేదో తెలియదు.

రాయడం నాకు అలవాటు లేదు. పెద్దకర్మ భోజనాల దగ్గర విన్న ఒక మాట వల్ల రాస్తున్నాను. మా ఊళ్లోనే మలంచా పేట నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఆకు ముందు కూర్చుని, "మంచి మనిసే గాని పిరికోడు. ఆ ఒక్క రోజు దైర్యం సేసుంటే బడి ఉండును" అన్నాడు. ఎవరూ కాదనలేదు.

ఆ బడి సంగతి ఇప్పుడు చాలామందికి తెలియదు. మాస్టారు ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టర్లలో మా వెనక సందులో ఉండేవారు. భూగోళం చెప్పేవారు. తొంభైల మొదట్లో కొందరు పెద్దల సాయంతో ఒక పాత బస్సులో హైస్కూలు పెట్టారు. ఏడాదిలో సగం రోజులు బస్సు నదుల వెంట తిరిగేది. ఎక్కువగా తీస్తా ఒడ్డున ఆగేవాళ్లం. పొద్దున్న ఇసుకలో కూర్చుని లెక్కలు, ఇంగ్లీషు. మధ్యాహ్నం కయాక్. అది ఒక్కరు పట్టే సన్నని పడవ. నడుము దాకా మూసి ఉంటుంది. తెడ్డుకు రెండు వైపులా రెక్కలు. రాళ్ల మధ్య నురుగు కక్కుతూ దూకే నీళ్లలో దాన్ని నడపాలి. మేమంతా రైల్వే పనికి ఇంత దూరం వచ్చిన తెలుగువాళ్ల పిల్లలమే.

నదికి వెళ్లే ముందు సుభాష్‌పల్లి వైపు ఒక చెరువులో పడవతో సహా బోల్తా కొట్టి మళ్లీ లేవడం నేర్పేవారు. అమ్మ ఒకరోజు చూడటానికి వచ్చి గట్టు మీద నిలబడింది.

"ఏటి మాస్టారూ, ఆడపిల్లని నీట్లో తలకిందులు సేస్తన్నారు. దానికి పెల్లి సెయ్యాల నేను."

"మల్లీ లెగిసింది కదమ్మా. పెల్లికీ లెగుస్తాది" అన్నారు మాస్టారు. గట్టు మీద ఆడవాళ్లంతా నవ్వారు. అమ్మ నవ్వలేదు, కానీ నన్ను పంపింది.

ఆయన చేతి గడియారాన్ని మేజోడులో దాచి ఒడ్డున పెట్టి నీళ్లలో దిగేవారు. పచ్చిమిరపకాయ కొరుక్కుంటూ మరమరాలు తినేవారు. నేను పడవలో కూర్చుని కళ్లు మూసుకుంటే నా ప్రార్థన అయ్యేదాకా ఎవరినీ కదలనిచ్చేవారు కాదు. ఆయనది వేరే దేవుడు. కళ్లు తెరిచాక, "అయిందా అమ్మా? ఇప్పుడు హెల్మెట్ పట్టీ కూడా సూసుకో" అనేవారు.

ఆయన పెట్టిన పద్ధతి ఒకటుంది. నీళ్లు దూకే ప్రతిచోటా అందరం ముందే పడవలు దిగి, ఒడ్డున నడుచుకుంటూ పోయి చూడాలి. తర్వాత ఆయన ఒక్కొక్కరి దగ్గరికి వచ్చి నోటి దగ్గర చెవి పెట్టేవారు. దిగుతానో, నడుస్తానో చెప్పాలి. ఆ హోరులో పక్కవాళ్లకు ఏమీ వినబడదు. కారణం అడగరు. ఒక్కరు నడుస్తానన్నా ఆయన అందరి వైపు తిరిగి, "నాకు బయమేస్తంది. నడిసేద్దుం" అనేవారు. అందరం పడవలు మోసుకుంటూ ఒడ్డునే పోయేవాళ్లం. ఎవరు వద్దన్నారో ఆయన చెప్పరు, మేము అడగం.

మూడో ఏడు బడికి డబ్బిచ్చే పెద్దలు చూడటానికి వచ్చారు. వంతెన మీద గొడుగులతో, కెమెరాలతో నిలబడ్డారు. మేము దిగడం చూశాకే వచ్చే ఏడు సాయం ఇస్తారని మాకందరికీ తెలుసు. ముందు రోజు అక్కడే దిగాం, ఏమీ కాలేదు. ఆ రోజు కొండల్లో వాన పడింది. నీళ్లు కాస్త ఎర్రగా ఉన్నాయి, అంతే. మాస్టారు నా దగ్గరికి వచ్చి చెవి పెట్టారు.

నడుస్తాను మాస్టారూ అన్నాను.

ఆయన తల ఊపి పక్కవాడి దగ్గరికి వెళ్లారు. చివరిదాకా అందరినీ అడిగారు. తర్వాత వంతెన వైపు చూసి, ఎప్పటిలాగే తనకు భయమేస్తోందన్నారు. పెద్దలు కిందికి దిగి వచ్చి, నిన్న దిగిన చోట ఈరోజు ఏమైందని హిందీలో, ఇంగ్లీషులో అడిగారు. కారణం చెప్పమన్నారు. ఆయన దగ్గర కారణం లేదు. నేనివ్వలేదు. చేతులు కట్టుకుని, భయమేసిందండీ అని మళ్లీ అదే చెప్పారు. ఒకాయన నవ్వాడు.

ఆ ఏడాదితో సాయం ఆగిపోయింది. బస్సు అమ్మేశారు. నా చదువు పదో తరగతితో ఆగింది. మాస్టారు మలంచాలో ఒకరి వరండాలో ట్యూషన్లు చెప్పుకుంటూ ముసలివారయ్యారు. నా పెళ్లయ్యాక ఒకసారి ఆయనకు కూర పట్టుకెళ్లి, ఆ రోజు వద్దన్నది నేనే కదా మాస్టారూ అన్నాను.

"నువ్వేటన్నావో నాకేటి తెలుసమ్మా. ఆ రోజు బయపడ్డది నేను" అన్నారు. గిన్నె మూత తీసి, వంకాయా అని అడిగారు.

పెద్దకర్మ రోజున మా బడివాళ్లం అయిదారుగురం ఒకే వరసలో కూర్చున్నాం. ఆ పెద్దాయన మాట అందరికీ వినబడింది. మాస్టారిది పిరికితనం కాదని, మాలో ఎవరిదో మాట నిలబెట్టారని వాళ్లందరికీ తెలుసు. ఎవరిదో మాత్రం తెలియదు. ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. తలలు వంచుకుని అన్నం కలుపుకున్నాం. పద్ధతి ఇంకా నడుస్తోంది.

ఆ రోజు తీస్తా ఒడ్డున పడవలు తలల మీద బోర్లించుకుని నడిచాం. వాన చినుకులు పడవల మీద టపటపా పడుతున్నాయి. ముఖాలు లోపల చీకట్లో ఉన్నాయి. వెనక నుంచి చూస్తే అన్నీ తడిసిన కాళ్లే, ఎవరివి ఎవరివో తెలియలేదు. ముందు మాస్టారి కాళ్లు, తొందర లేకుండా.

ఈ కాగితాలు ఎవరి చేతికి వచ్చినా పారేయవద్దు. ఎక్కడైనా భద్రంగా ఉంచండి. ఎవరికీ చూపించవద్దు. ఎవరు వద్దన్నారో ఆయన చెప్పలేదు.