ఎద్దుల ఉలవలు

ఈరోజు మా అమ్మాయి అనంతపురంలో పెద్ద హోటలుకు తీసుకుపోయి ఉలవచారు తాగించింది. నా సంతోషం ఎంతని చెప్పను! మన ఈడువాళ్లకు గుర్తుందా, ఎద్దులకని ఉలవలు ఉడకబెట్టి, వంచిన నీళ్లతో ఇంట్లో చారు కాచేవాళ్లు? ఉలవలు ఎద్దులకు, నీళ్లు మనకా అని నాకు ఒకటే కడుపుమంట. వాటి రుచి ఎట్లుంటుందో చూద్దామని ఒకరోజు ఎద్దుల తొట్టిలోంచి పిడికెడు తీసి నోట్లో వేసుకున్నాను. చప్పటి పిప్పి! అమ్మ చూసేసింది.

"ఏమప్పా, ఎద్దుల కూడు రుచిగా ఉండాదా?"

"దీంట్లో రుచి యాడుండాదమ్మా?"

"సారమంతా నీ సంగటిలోకే పోసినాను కదరా, పిచ్చోడా!"

ఆ పూట చారు రెండుసార్లు పోయించుకున్నాను. పాపం, ఎద్దుల వైపు చూడటానికే సిగ్గేసింది.