మాదాపూర్ గేటు, మాట వినని పొట్ట

మాదాపూర్‌లో రిపోర్ట్ చేసిన రోజు ఎండ మండిపోతోంది. బోరబండ నుంచి ఆటోలో వచ్చాను. సగం దారి తారు, మిగతాది కంకర. రెండు పక్కలా బండరాళ్లు, వాటి మధ్య క్రేన్లు. దూరంగా గుండ్రటి కొత్త టవర్ ఒక్కటే మెరుస్తోంది. మా భవనం దానికి అవతల ఉంది. ఐదంతస్తులు, ముందువైపంతా నీలం అద్దం. చుట్టుపక్కల చెట్టన్నది లేదు. నీడ కావాలంటే గేటు పక్కనున్న రేకుల కేబిన్ ఒక్కటే దిక్కు.

సైన్యంలో హవల్దారుగా చేసి బయటికొచ్చిన వాణ్ని. రాజస్థాన్ ఇసుక చూశాను, కశ్మీర్ మంచు చూశాను. ఇప్పటికీ ఊళ్లోవాళ్లు ఆ పోస్టింగుల గురించే అడుగుతారు. అద్దాల భవనం గేటు దగ్గర సెక్యూరిటీ ఏజెన్సీ తరఫున చేసిన డ్యూటీ గురించి ఎవరూ అడగరు. నా మట్టుకు నాకు అన్నిటికన్నా కష్టమైన డ్యూటీ అదే. అందుకే దాని గురించే చెబుతాను.

ఇచ్చిన సామాను ఇదీ. లేత నీలం చొక్కా, ముదురు నీలం ప్యాంటు, టోపీ, ఈల, లాఠీ, బెల్టుకు తగిలించుకునే వాకీటాకీ. డ్యూటీ పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా. ఆర్డర్ ఒక్కటే: రిలీవర్ వచ్చి నిలబడేదాకా మెయిన్ గేటు వదలకూడదు. సైన్యంలో సెంట్రీకి చెప్పేదీ అదే కాబట్టి నాకు కొత్తగా అనిపించలేదు. ఏ పోస్టుకు వెళ్లినా జవాను ముందు అడిగేది మంచినీళ్ల గురించి. నేను మాత్రం టాయిలెట్ ఎక్కడని అడిగాను. బేస్‌మెంట్‌లో, జనరేటర్ గది వెనక అన్నారు. గేటు నుంచి ర్యాంపు దిగి అంత దూరం వెళ్లాలి.

అప్పటికి నా పరిస్థితి అలా ఉండేది. సైన్యంలో చివరి పోస్టింగులో నీళ్లు పడక వారం రోజులు విరేచనాలు పట్టుకున్నాయి. అవి తగ్గాయి, పొట్ట మాత్రం మునుపటిలా కాలేదు. తిన్న కాసేపటికి మెలిపెట్టేది. వెళ్లాలంటే ఆ క్షణమే వెళ్లాలి. వెళ్లొస్తే నొప్పి పోయేది, కాసేపటికి మళ్లీ మొదలయ్యేది. కొన్ని రోజులు అసలు వచ్చేది కాదు, పొట్ట ఉబ్బి బెల్టు బిగుసుకునేది. ఈ సంగతి ఏజెన్సీవాళ్లకు చెప్పలేదు. పొట్ట బాగాలేని సెంట్రీని ఎవరు పెట్టుకుంటారు?

నాకు తోచిన ఉపాయం, డ్యూటీలో ఏమీ తినకపోవడం. లోపలికి ఏమీ పంపకపోతే బయటికి వచ్చేదేముంటుంది అనుకున్నాను. సాయంత్రం ఇంటికెళ్లి పగలు తిననిదంతా కలిపి తినేవాణ్ని. టీ మాత్రం మానలేదు, టీని తిండి కింద ఎవరు లెక్కేస్తారు? గేటు ముందు ఒక టీ బండి ఉండేది. సిమెంటు లారీ డ్రైవర్లు, కారు డ్రైవర్లు, కరెంటు పనివాళ్లు అందరూ అక్కడే. ఒక టీ రెండు గ్లాసుల్లో పోయించుకుంటారు. రెండో గ్లాసు గేటు దగ్గరున్న వాడిది. అది లంచం కాదు, పలకరింపు. వద్దంటే ఇచ్చినవాడి మీద మనకేదో కోపం ఉన్నట్టు. అలా పగలంతా అరగ్లాసులు పడుతూనే ఉండేవి.

ఒకరోజు ఉదయం ఉద్యోగుల బస్సులు వచ్చే వేళకు పొట్ట పట్టేసింది. వాకీటాకీ నొక్కి రిలీవర్ కావాలన్నాను. కంట్రోల్ రూమ్ ఆపరేటర్ కాకినాడ మనిషి, ప్రతి మాటకూ అండి తగిలిస్తాడు.

"కారణం చెప్పండి. ఓవర్."

ఆ చానల్ అందరిదీ. మేనేజర్ గదిలో కూడా ఒక సెట్టు పొద్దస్తమానం మోగుతూ ఉంటుంది. కారణం ఎలా చెప్పను? వాకీటాకీ బెల్టుకు తగిలించేసి, వస్తున్న బస్సులకు గేటు తీశాను. నేను జవాబు చెప్పకపోయేసరికి బేస్‌మెంట్ గార్డు తనంతట తానే ర్యాంపెక్కి వచ్చాడు. మహబూబ్‌నగర్ వైపు మనిషి, నాకన్నా బాగా చిన్నవాడు. నా మొహం చూశాడు, నా చేతిలోని లాఠీ తీసుకున్నాడు.

"పో అన్నా. నేనుంట."

తిరిగొచ్చాక అన్నీ అడిగి తెలుసుకున్నాడు. నవ్వలేదు. "ఇగ రేపటి సంది జనరేటర్ చూసొస్త అని చెప్పు. నేనొచ్చి నిలబడ్త. టాయిలెట్ దాని ఎనకనే గద, అబద్ధం గూడ కాదు," అన్నాడు. ఆపరేటర్‌కూ విషయం చెప్పి ఒప్పించాడు.

అక్కడి నుంచి ఒక విచిత్రం మొదలైంది. మొదటి రెండు మూడు రోజులు జనరేటర్‌ను బాగానే చూసొచ్చాను. తర్వాత ఆ అవసరం తగ్గుతూ వచ్చింది. తిండి మారలేదు, టీ మారలేదు, ఎండ మారలేదు. మారిందల్లా ఒకటే, అడిగితే మనిషి వస్తాడన్న నమ్మకం. అంటే నా పొట్ట నా మనసులో మాటలు వింటోందా? ఎన్నాళ్లుగా ఇలా జరుగుతోంది? అప్పటిదాకా దానిమీద చిరాకు తప్ప ఇంకేమీ లేదు నాకు. ఆ రోజు నుంచి కుతూహలం పట్టుకుంది.

సెలవు పెట్టి మిలిటరీ దవాఖానకు వెళ్లాను. డాక్టరు ఒక మేడమ్, మేజర్. నెత్తురు పడుతోందా, బరువు తగ్గారా, రాత్రిళ్లు నొప్పితో మెలకువ వస్తోందా అని వరసగా అడిగారు. ఏదీ లేదన్నాను. అన్ని పరీక్షలూ చేయించారు. రిపోర్టుల కోసం బెంచీ మీద కూర్చున్నప్పుడు భయమేసింది. క్యాన్సర్ అంటారని మనసులో ఖాయం చేసుకున్నాను. మా ఆవిడకు ఆ మాట ఎలా చెప్పాలో కూడా ఆలోచించుకున్నాను.

"పుండు లేదు, గడ్డ లేదు," అన్నారు మేడమ్. "పేగు బాగానే ఉంది. దాని నడకే గాడి తప్పింది. ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్ అంటారు. ప్రాణం తీయదు, ప్రశాంతంగా ఉండనివ్వదు."

ఏవి తినకూడదో చెప్పమన్నాను. అందరికీ ఒకే జాబితా పనికిరాదన్నారు. ఒక్కసారికి ఒక్కటే మార్చి రెండు వారాలు చూడమన్నారు. పస్తులుండి ఒకేసారి తినడం వెంటనే మానెయ్యమన్నారు. వేళకు కొంచెం కొంచెం తినాలి, రోజూ నడవాలి, ఇసబ్‌గోల్ నీళ్లలో కలుపుకుని తాగాలి. ఎప్పుడైనా నెత్తురు కనిపించినా, బరువు తగ్గినా ఆలస్యం చేయకుండా రమ్మన్నారు.

ఒక్కసారికి ఒక్కటే అన్న మాట నాకు బాగా నచ్చింది. తెలియని ప్రాంతానికి వెళ్తే ముందు రెక్కీ చేసి ఆనుపానులు చూసుకుంటాం కదా, ఇదీ అలాగే మొదలుపెట్టాను. మొదటి అనుమానం ట్యాంకర్ నీళ్ల మీద. కాచి చల్లార్చి సీసాలో తెచ్చుకున్నాను. ఏ తేడా లేదు. నీళ్ల మీద అనుమానం వదిలేశాను. తర్వాత కారం. మా ఆవిడ మొహం మాడ్చుకుంది, తన వంటకు వంక పెట్టినట్టు అనిపించింది ఆమెకు. కారం తగ్గించాక మెలిపెట్టడం కొంచెం తగ్గింది. తర్వాత రాజ్మా. సైన్యం వంటశాల లంగరులో తిని తిని దాని మీద ప్రేమ పెంచుకున్నాను, ఆదివారాలు ఇంట్లో చేయించుకునేవాణ్ని. మానేశాక సోమవారాల ఉబ్బరం పోయింది. మనసు చాలా బాధపడింది, పొట్ట పడలేదు.

అన్నిటికన్నా చివర అనుమానించింది టీని. జవాను టీని అనుమానించడమంటే సొంత రైఫిల్‌ను అనుమానించడం లాంటిది. ఒకరోజు మా ఆవిడే అంది, "ఆదివారం నువ్వు ఇంట్లుంటవ్, గన్ని సార్లు పోవు. ఇంట్ల పొద్దున ఒక్క చాయే గద తాగుతవ్." నిజమే. గేటు దగ్గర పడే అరగ్లాసులు ఇంట్లో పడవు.

మానడం తేలిక, వద్దని చెప్పడమే కష్టం. ఆ బాధ్యత బేస్‌మెంట్ గార్డు తీసుకున్నాడు. టీ బండి దగ్గర నిలబడి, అన్నకు డాక్టరమ్మ చాయ్ బంద్ చేసిందని అందరికీ వినబడేలా ప్రకటించాడు. ఆ రోజు నుంచి టీకి బదులు సలహాలు వచ్చిపడ్డాయి. ఒకరు దానిమ్మ తొక్క అన్నారు, ఒకరు వాము అన్నారు, ఒక లారీ డ్రైవర్ నిమ్మసోడా సీసాతోనే వచ్చాడు. అందరికీ దండం పెట్టి నా పద్ధతిలోనే ఉన్నాను. వారం తిరిగేసరికి పొట్ట బాగా నెమ్మదించింది. తప్పు పాలదా, టీ ఆకుదా అని చూడాలనిపించింది. పాలు లేకుండా ఒక గ్లాసు తాగి చూశాను, ఏం కాలేదు. రెండో గ్లాసుకు గొడవ చేసింది. పెరుగు మాత్రం హాయిగా పడింది. మధ్యాహ్నం వేళకు అన్నం, పెసరపప్పు, బీరకాయో సొరకాయో, పెరుగు. తినే కాసేపు బేస్‌మెంట్ గార్డు గేటు చూసేవాడు. సాయంత్రం బోరబండ స్టేషన్ దాకా నడక. పూర్తిగా నయమైందా అంటే లేదు. కానీ ఎప్పుడు, ఎందుకు వస్తుందో చాలామటుకు తెలిసింది.

ఇంతలో జనరేటర్ కొంప ముంచింది. ఫెసిలిటీ మేనేజర్ విజయవాడ వైపు మనిషి, పద్ధతైనవాడు. విదేశీ క్లయింట్లు వస్తున్నారని భవనమంతా హడావుడిగా ఉంది. ఆయన గదిలో సెట్టు నెలల తరబడి అడపాదడపా "జనరేటర్ చూసొస్తా" అని వినిపిస్తూనే ఉంది కదా, జనరేటర్ ఏ క్షణాన ఆగిపోతుందో అని ఆయన హడలిపోయాడు. కంపెనీ నుంచి మెకానిక్కులను పిలిపించాడు. వాళ్లు సగం పూట పట్టి దాన్ని విప్పారు, బిగించారు, నిక్షేపంలా ఉందన్నారు. మేనేజర్ మమ్మల్ని పిలిచాడు. బేస్‌మెంట్ గార్డు నేల చూపులు చూస్తున్నాడు. తప్పు వాడి మీదికి పోవడం ఇష్టం లేక ఉన్నదంతా నేనే చెప్పేశాను.

"అంటే ఇన్నాళ్లూ మీరు జనరేటర్ చూడలేదన్నమాట."

"దాని పక్క నుంచే వెళ్లాను సార్."

ఆయన నవ్వలేదు, తిట్టనూ లేదు. "గురువారం వాళ్లు వస్తున్నారండీ. మెయిన్ గేటు ఒక్క నిమిషం ఖాళీగా కనబడ్డా నేను జవాబు చెప్పుకోలేను. మనుషులంతా లోపల పోస్టుల్లో ఉంటారు, రిలీవర్‌ను ఇవ్వలేను. మీ వల్ల కాదంటే ఇప్పుడే చెప్పండి. ఏజెన్సీతో మాట్లాడి కోకాపేట సైటుకు మార్పిస్తాను."

కోకాపేట అంటే అప్పట్లో పొలాలు, రాళ్లు. అక్కడ సిమెంటు గోదాము కాపలా. అందులో తప్పేమీ లేదు. కానీ పొట్ట కారణంగా పోస్టు వదిలాడన్న మాట నేను భరించలేను. నిలబడతాను సార్ అన్నాను.

గురువారం ఏమీ తినకుండా వెళ్లాలని మనసు లాగింది. పాత బుద్ధి ఎక్కడికి పోతుంది? కానీ ఖాళీ కడుపున కంగారు తోడైతే ఏమవుతుందో ఇన్నాళ్ల రెక్కీలో చూశాను. వేళకు రెండు ఇడ్లీలు పెరుగుతో తిన్నాను. ఆరింటికి గేటు దగ్గర ఉన్నాను. వాళ్లు పదింటికి రావాలి. పది దాటింది. వాకీటాకీ పలికింది.

"మెయిన్ గేట్, కంట్రోల్. గెస్టులు ఇంకా హోటల్లోనే ఉన్నారండి. ఎప్పుడు బయల్దేరతారో తెలియదండి. ఓవర్."

తెలియదన్న మాట చెవిన పడగానే పొట్ట మెలిపెట్టింది. నిన్న తిన్నదే ఇవాళా తిన్నాను. కారం లేదు, టీ లేదు. రేడియోలో వచ్చిన ఒక్క వాక్యం చేసిన పని అది. ఆ నొప్పిలో కూడా నాకు ఆశ్చర్యమేసింది. కానీ కారణం తెలిసినంత మాత్రాన నొప్పి ఆగదు. చొక్కా వీపుకు అంటుకుపోయింది. కళ్లు ర్యాంపు వైపే పోతున్నాయి. ఇక గేటు వదిలేస్తాననుకున్నాను. సరిహద్దులో పహరా కాసినప్పుడు కూడా అంత ఒంటరిగా అనిపించలేదు.

అప్పుడు వెనక కేబిన్‌లో స్టూలు కదిలిన చప్పుడైంది. తల తిప్పి చూశాను. బేస్‌మెంట్ గార్డు. గురువారం అతని వీక్లీ ఆఫ్. వెనక గేటు నుంచి వచ్చి రోడ్డుకు కనబడకుండా కూర్చున్నాడు. యూనిఫాం ఇస్త్రీ మడతలతో ఉంది, బూట్లు మెరుస్తున్నాయి.

రోడ్డు వైపు తిరిగి, మెడ కదపకుండా అడిగాను. "నీకియ్యాల ఆఫ్ గద?"

"అవునన్నా."

"మరి గిట్ల వచ్చినవేంది?"

"ఇంట్ల మనసున పట్టలే. నువ్వు ఫికర్ చెయ్యకు, రోడ్డు దిక్కు చూడు. కావాలంటే చెయ్యి ఎనకకు పెట్టు. నేనొచ్చి నిలబడ్త."

రోడ్డు వైపు చూశాను. ఊపిరి నెమ్మదిగా తీసుకున్నాను. నొప్పి ఇంకోసారి బిగిసి, మెల్లగా పట్టు వదిలింది. కార్లు మధ్యాహ్నం దాటాక వచ్చాయి. సెల్యూట్ కొట్టాను. మేనేజర్ గేటు వైపు చూశాడు, కేబిన్ వైపు చూశాడు, లోపలికి వెళ్లిపోయాడు. నా చెయ్యి ఒక్కసారి కూడా వెనక్కు పోలేదు.

తర్వాత కొన్నేళ్లకు మోకాళ్లు మొరాయించాయి. డ్యూటీ మానేసి శంకరపల్లి దగ్గర మా ఊరికి వచ్చేశాను. బేస్‌మెంట్ గార్డును అంతకుముందే ఏజెన్సీ ఇంకో సైటుకు మార్చింది. మాలాంటివాళ్ల దగ్గర ఫోన్లు లేని రోజులు, అడ్రసు తీసుకోలేదు. మళ్లీ కనబడలేదు. ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

కశ్మీర్ గురించి చెప్పమని పిల్లలు అడిగితే చెబుతాను. చెబుతూ ఉండగా నాకు కళ్లముందు మంచు కనబడదు. కాలిపోతున్న రేకుల కింద, టోపీ మోకాలి మీద పెట్టుకుని, కారుతున్న చెమట కూడా తుడుచుకోకుండా, సెలవు రోజున ఒక మనిషి నిటారుగా కూర్చుని ఉంటాడు. అతను రోడ్డు చూడడు, కార్లు చూడడు. నా వీపు వెనకాల చెయ్యి వచ్చే చోటునే చూస్తూ ఉంటాడు.