ఫోన్లో వచ్చిన డాలర్లు

ఆ మధ్యాహ్నం నేను టిఫిన్ డబ్బా తెరవబోతుంటే చాచా కౌంటర్ ముందుకు వచ్చాడు. దేవరకొండ బస్టాండు దగ్గర ఆయనది టైలర్ దుకాణం. చిన్నప్పుడు నా బడి యూనిఫాంలన్నీ ఆయనే కుట్టాడు. నేను అదే ఊళ్ళో బ్యాంకు ఉద్యోగంలో చేరాక ఆయన ఖాతా పనులన్నీ నా దగ్గరికే తెచ్చేవాడు.

"బిడ్డా, కార్డు పనిచేస్తలేదు. జర చూడు."

చూశాను. వేరే రాష్ట్రపు పోలీసుల ఆదేశంతో ఖాతా మొత్తం ఆపేసి ఉంది. కారణం దగ్గర 'సైబర్ మోసం' అని రాసి ఉంది. ఆ మాట ఆయన ముఖం మీద అనలేక, "లోపటికొచ్చి కూసో చాచా" అన్నాను.

దుబాయిలో లారీ నడిపే తమ్ముడు ఆయనకు డబ్బు పంపుతాడు. డబ్బు పంపడానికి కట్టే కమీషన్ తగ్గుతుందని తన గదిలో ఉండేవాళ్ళు చెబితే, ఈసారి స్టేబుల్‌కాయిన్లనే డిజిటల్ నాణేల రూపంలో ఫోన్లోకి పంపాడు. చాచా వాటిని ఒక యాప్‌లో ఎవరికో అమ్మాడు. ఐదు నిమిషాల్లో రూపాయలు ఖాతాలో పడ్డాయి.

"గా నాణెం డాలర్ లెక్కనే ఉంటదన్నరు బిడ్డా, పెరగది, తరగది. నిన్ను అడిగినంకనే చేసిన కద."

అడిగాడు. రెండు నెలల కింద, ఇదే కౌంటర్ దగ్గర. కంప్యూటర్ తెర మీంచి తల ఎత్తకుండానే, "డాలర్ తోటి సమానమే చాచా, ఏం ఫికర్ లేదు" అన్నాను. నేను చెప్పింది ఆ నాణెం విలువ గురించి. దాన్ని కొనేవాడు ఇచ్చే రూపాయలు ఎక్కడివన్నది నాకు తోచనే లేదు. కొన్నవాడు చాచా ఖాతాలో వేసినవి ఎక్కడో ఒక ముసలాయనను ఫోన్లో బెదిరించి దోచుకున్న డబ్బులు, అందుకే ఖాతా ఆపేశారు.

తర్వాతి నెలలన్నీ కాగితాలతోనే గడిచాయి. నేను సెలవు పెట్టి ఆయనతో రెండుసార్లు నల్లగొండ పోలీసుల దగ్గరికి వెళ్ళాను. అక్కడి కానిస్టేబుల్ మర్యాదగానే మాట్లాడాడు. "మా కేసు గాదు మేడం. గా రాష్ట్రపోళ్ళే ఇడవాలె." మా మేనేజర్‌ను అడిగితే, "ఈ నాణేల మీద పన్ను ఉంది గని, ఆపద వస్తే ఎవరి దగ్గరికి పోవాల్నో చెప్పే చట్టమే లేదు" అన్నాడు.

ఆ రాష్ట్రపు ఇన్‌స్పెక్టర్‌కు ఫోన్ చేశాం. నా హిందీ రెండు వాక్యాలకే తడబడింది. చాచా ఫోన్ తీసుకుని ఉర్దూలో, బతిమాలే మనిషిలా కాకుండా, నెమ్మదిగా జరిగిందంతా చెప్పాడు. కొన్నవాడి పేరేమిటని అటునుంచి అడిగారు. యాప్‌లో కనబడిన పెట్టుడు పేరు తప్ప చాచా దగ్గర ఏమీ లేదు. అటునుంచి ఫోన్ పెట్టేశారు.

రెండోసారి నల్లగొండ నుంచి తిరుగు బస్సులో ఉండబట్టలేక అన్నాను. "తప్పు నాది చాచా. సరిగ్గ తెలుసుకోకుంటనే చెప్పిన."

ఓదారుస్తాడనుకున్నాను. "అవు బిడ్డా. నువ్వు వద్దంటే చెయ్యకపోదును." కోపం లేదు ఆ గొంతులో. కాసేపయ్యాక, "పొద్దున ఏమన్న తిన్నవా?" అని అడిగాడు.

ఆ రంజాన్‌కు ఆయన, చాచీ చెరొక మిషన్ మీద కూర్చుని ఊళ్ళోవాళ్ళ బట్టలు కుట్టారు. తమ ఇంట్లో ఎవరికీ కొత్తవి కుట్టుకోలేదు.

దాదాపు ఏడాదికి ఆ రాష్ట్రపు పోలీసుల ఉత్తరం వచ్చి ఖాతా తెరుచుకుంది. ఆ అమ్మకం తాలూకు డబ్బు మాత్రం ఇంకా ఆగే ఉందని చెప్పాను. చాచా అడిగిన మొదటి మాట, "గా ముసలాయన పైసలు ఆయనకు ముట్టినయా మరి?" నాకు తెలియదన్నాను. తమ్ముడు ఇప్పుడు కమీషన్ కట్టి బ్యాంకు ద్వారానే పంపుతున్నాడు.

ఈ మధ్య కొన్ని దేశాలు ఈ నాణేలకు నియమాలు పెట్టాయి. ఎన్ని నాణేలు జారీ చేస్తే అంత అసలు డబ్బు పక్కన ఉంచాలట. మంచిదే. ఆ వార్త చూసి కొందరు మా బ్రాంచికి వచ్చి, "ఇగ బేఫికరేనా మేడం?" అని అడుగుతున్నారు. ఇప్పుడు తల ఎత్తి చెబుతాను. నాణెం విలువ నిలబడటం వేరు, నీ చేతికి వచ్చే రూపాయి శుభ్రంగా ఉండటం వేరు, మన దగ్గర ఆ రెండోదానికి ఇంకా దిక్కు లేదు అని. చెప్పడానికి పది నిమిషాలు పడుతుంది. వెనక వరస గొణుగుతుంది. సగం వినేసరికే కొందరు ఫోన్ తీసి చూసుకుంటారు. మిగతా సగం కూడా చెప్పి, తర్వాతి మనిషిని పిలుస్తాను.