లేత్ మిషన్‌కు కొట్టిన కొబ్బరికాయ

కొన్నేళ్ల కిందట, దసరా నాటి మధ్యాహ్నం, కాగజ్‌నగర్ బస్టాండులో నా పక్కన కూర్చున్నాయన స్టీలు డబ్బా మూత తీసి నా ముందుకు చాపాడు. నిండా కొబ్బరి ముక్కలు, మరీ గోరంతగా కోసినవి.

“ప్రసాదం మేడం, తీసుకోండ్రి. మిషిన్లకు పూజ చేసొస్తున్న.”

అక్కడి శిక్షణ కేంద్రంలో పిల్లలకు ఇనుము చెక్కే లేత్ మిషన్ పని నేర్పిన సారట. గ్రాంటు ఆగిపోయాక కొత్త బ్యాచ్ రాలేదు, ఆయనకు జీతమూ రాలేదు. ఇప్పుడు మంచిర్యాలలో కిటికీ గ్రిల్లులు చేసే షాపులో కూలికి పోతున్నాడు. కేంద్రం తాళంచెవి మాత్రం ఎవరూ అడగలేదు, ఆయన దగ్గరే ఉండిపోయింది.

“ఎవరూ లేనిచోట పూజ ఎందుకండీ?” అన్నాను, ఒక ముక్క తీసుకుంటూ.

“కరెంటు గూడ కట్ చేసిండ్రు మేడం. జర దుమ్ము తుడ్చి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టిన. పండుగ పూట మిషిన్లను గట్ల బోసిగ ఎట్ల ఉంచుత?”

“మరి ముక్కలు ఇంత చిన్నగా కోశారేం?”

ఆయన డబ్బాలోకి చూశాడు.

“ఒక్క కాయ క్లాసందరికి రావాలె గద మేడం. చెయ్యికి గదే అలవాటైంది.”

ఇంతలో మంచిర్యాల బస్సు వచ్చింది. ఆయన మూత పెట్టబోతుంటే ఆపి, ఇంకో ముక్క అడిగి తీసుకున్నాను.